దుప్పికి ఎంత తూటా చాలు?

గుంటూరు బ్రాడీపేటలో మా ఇంటి వరండాలో కూర్చుని, టెక్సాస్‌లో దుప్పిని కొట్టడానికి ఏ తూటా వాడాలో లెక్కలు వేసుకునే రోజు వస్తుందని నేను ఎన్నడూ అనుకోలేదు. శాన్ ఆంటోనియోలో ఉంటున్న మా అమ్మాయి ఒక ఆదివారం ఉదయం ఫోన్ చేసి, "నాన్నా, ఈ శీతాకాలం మేమిద్దరం వేటకు వెళ్లాలనుకుంటున్నాం. రైఫిల్ ఒక్కటే కొంటాం. దుప్పికి సరిపోవాలి, నా భుజం మాత్రం వాచకూడదు. ఏది కొనాలో నువ్వే చెప్పు" అని అడిగింది. వెనుక నుంచి మా అల్లుడుగారు, ".300 విన్‌చెస్టర్ మాగ్నమ్ కొంటే ఇక దేనికీ వెతుక్కోనక్కరలేదు కదా, మావయ్యగారూ" అని నాకు వినపడేటట్టుగానే అన్నారు. అది పెద్ద జంతువులకు వాడే భారీ తూటా. నేను మూడు దశాబ్దాలకు పైగా భౌతికశాస్త్రం బోధించిన వాణ్ణి. అందులో సగం కాలం ఎన్‌సీసీ అధికారిగా పిల్లల చేత తుపాకి కాల్పించిన వాణ్ణి. అందుచేత మా ఇంట్లో తుపాకుల విషయంలో పెద్దరికం నాకు దక్కింది.

అపార్థానికి తావు లేకుండా ఒక మాట ముందుగానే చెప్పాలి. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దుప్పి వేట నేరం. పల్నాడులో మా తాతగారికి లైసెన్సు ఉన్న జంట గొట్టాల పన్నెండు బోరు తుపాకి ఉండేది. ఆయన పోయేనాటికి అది ఎన్నికలు వచ్చినప్పుడల్లా పోలీసు స్టేషనులో అప్పగించి, మళ్లీ తెచ్చుకునే వస్తువుగా మాత్రమే మిగిలింది. నేను రాస్తున్నది టెక్సాస్ విషయం. అక్కడ 1932లో మన చుక్కల దుప్పినీ, ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువైన కృష్ణజింకనూ తెచ్చి వదిలారు. అవి ఎడ్వర్డ్స్ పీఠభూమి మీద పెరిగి పెరిగి, చుక్కల దుప్పి స్థానికమైన తెల్లతోక జింకకు మేత దక్కనీయనంతగా విస్తరించింది. బయటి నుంచి వచ్చిన జంతువు గనుక దానికి వేట కాలపరిమితి లేదు. వేట లైసెన్సు, భూమి యజమాని అనుమతి ఉంటే చాలు. నల్లమలలో దూరం నుంచి చూసి మురిసిపోయే జంతువునే మా అమ్మాయి అక్కడ కొట్టి వండుకుంటానంటే నాకు మొదట కొంచెం అదోలా అనిపించిన మాట నిజం.

వీసా మీద ఉన్నవాళ్లకు పనికివచ్చే సంగతి ఒకటి ఇక్కడే చెప్పేస్తాను. అమెరికా సమాఖ్య చట్టం ప్రకారం హెచ్-1బి వంటి తాత్కాలిక వీసా మీద ఉన్నవారు తుపాకి గాని తూటా గాని దగ్గర ఉంచుకోవడం సాధారణంగా నిషిద్ధం. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు ఉండటం దానికి ఉన్న మినహాయింపులలో ఒకటి. కాబట్టి ముందు లైసెన్సు, ఆ తరువాతే రైఫిల్. 1971 సెప్టెంబరు 2న గాని ఆ తరువాత గాని పుట్టినవారికి టెక్సాస్‌లో వేట శిక్షణ కూడా తప్పనిసరి. ఆ తేదీ నన్ను వదిలేసింది. అయినా అమ్మాయి పక్కన కూర్చుని పాఠాలన్నీ చదివాను.

ఇక అసలు సంగతి. మనం మామూలుగా తూటా అంటే ఎగిరిపోయే ముక్కనూ, మొత్తం సరంజామానూ కలిపే అంటాం. ఇక్కడ మాత్రం ఇత్తడి డొప్ప, మందును అంటించే ప్రైమరు, మందు, ముందున్న లోహపు ముక్క అన్నీ కలిస్తే తూటా అనీ, ఆ ముందు ముక్కను మాత్రం గుండు అనీ అంటాను. తూటా పేరు మొదట ఉండే .243, .300 వంటి అంకె గుండు లావును అంగుళాలలో సుమారుగా చెబుతుంది. గుండు బరువును గ్రెయిన్లలో చెబుతారు. 7000 గ్రెయిన్లు ఒక పౌండు. కాబట్టి 100 గ్రెయిన్ల గుండు 6.5 గ్రాములకు ఒక పిసరు తక్కువ. పట్నంబజారులో కాసు బంగారం తూచితే 8 గ్రాములు. అంటే కాసుకు కూడా చాలని లోహంతో 80 కిలోల పోతు దుప్పిని పడగొట్టాలి. మన మిర్చి యార్డు లెక్కలో అది దాదాపు రెండు టిక్కీల, అంటే రెండు మిరప బస్తాల, బరువు. కృష్ణజింక అయితే ఒక్క టిక్కీకి అటూ ఇటూగా ఉంటుంది.

పడగొట్టడం అనే మాటే చాలామందిని తప్పుదారి పట్టిస్తుంది. భుజానికి ఆనించి కాల్చగలిగిన ఏ తూటా కూడా దుప్పిని తోసి పడవేయదు. చర్యకు ప్రతిచర్య సమానమని ఎనిమిదో తరగతిలోనే చదువుకున్నాం కదా. జంతువును ఎగరగొట్టేటంతటి తోపు గుండులో ఉంటే, కాల్చినవాడు కూడా అదే తోపుకు వెల్లకిలా పడాలి. గుండు చేసే పని వేరు. అది లోపలికి పోయి, తల విప్పుకుని, ఊపిరితిత్తుల గుండా గాని హృదయం గుండా గాని వెడల్పైన దారి చేసుకుంటూ పోతే రక్తపోటు పడిపోయి జంతువు కొద్ది సెకన్లలో నేలకు ఒరుగుతుంది. ఆ దారి సరైన చోట పడకపోతే ఎంత పెద్ద గుండైనా ఒకటే. మా తాతగారు చెప్పిన కథలలో ఆయన తనను తాను క్షమించుకోలేకపోయినది ఒక్కటే ఉంది: దూరం ఎక్కువని తెలిసీ ఎల్.జి. తూటా (కొన్ని పెద్ద గుళ్లను ఒకేసారి చిమ్మేది) పేల్చడం, పొట్టలో దెబ్బ తిన్న దుప్పి అడవిలోకి పోవడం, మరునాడు సాయంత్రం దాకా నెత్తుటి జాడ వెంట తిరిగినా అది దొరకకపోవడం. పన్నెండు బోరులో బలానికేమీ లోటు లేదు.

కాబట్టి నేను అడిగే మొదటి ప్రశ్న తూటా ఎంత బలమైనదని కాదు. ఆ తూటాతో ఈ మనిషి గుండును చేటంత చోటులో కాదు, చెంబు మూతంత చోటులో పెట్టగలడా అన్నది. ఇందుకు నాకు ఎన్‌సీసీయే పాఠశాల. 25 గజాల దూరంలో .22 డీలక్స్ రైఫిల్‌తో అయిదు గుండ్లనూ ఒక రూపాయి బిళ్ల కింద దాచగలిగిన పిల్లవాడు, అదే వారంలో త్రీ నాట్ త్రీ చేతికిచ్చేసరికి మూడో గుండు నుంచీ కళ్లు మూసుకోవడం నేను ఏళ్ల తరబడి చూశాను. ట్రిగ్గరు నొక్కే ముందే భుజం బిగుసుకుంటుంది, గొట్టం ముక్కు కిందికి వంగుతుంది. వాళ్లను నేను పట్టుకునే పద్ధతి ఒకటి ఉండేది: చెప్పకుండా ఖాళీ డొప్ప పెట్టి ఇచ్చేవాణ్ణి. తుపాకి పేలదు, అయినా పిల్లవాడు ఉలిక్కిపడతాడు. పేలినప్పుడు తుపాకి భుజాన్ని తన్నే తన్నుకు భయపడే అలవాటు ఒకసారి ఒంటికి పట్టిందంటే దాన్ని వదిలించడానికి ఆరు నెలలు పడుతుంది.

తన్ను ఎంతో లెక్క వేయవచ్చు. గుండు బరువు, దాని వేగం, మందు బరువు, రైఫిల్ బరువు తెలిస్తే చాలు. మూడున్నర కిలోల లోపు రైఫిల్‌లో 100 గ్రెయిన్ల గుండు వేసిన .243 విన్‌చెస్టర్ సుమారు 10 అడుగు-పౌండ్లతో (ఇది శక్తికి కొలమానం) వెనక్కి తన్నుతుంది. అదే బరువు రైఫిల్‌లో 140 గ్రెయిన్ల 6.5 క్రీడ్‌మూర్ 12, 13 దాకా పోతుంది, 7 ఎంఎం-08 రెమింగ్టన్ 14 దరిదాపుల్లో ఉంటుంది, 180 గ్రెయిన్ల .30-06 ఇరవై దాటుతుంది. అల్లుడుగారు మనసుపడ్డ .300 మాగ్నమ్ ముప్పైకి చేరుతుంది, అంటే .243కు మూడింతలు. గొట్టం కొసన బ్రేక్ బిగించుకుంటే తన్ను తగ్గుతుందని ఆయన వాదించారు. తగ్గుతుంది, నిజమే. కాని అది గాలిని పక్కలకు మళ్లించి చప్పుడును కాల్చేవాడి చెవుల వైపు, పక్కన కూర్చున్నవారి చెవుల వైపు తోస్తుంది. అక్కడ పక్కన కూర్చునేది మా అమ్మాయి.

తేలిక తూటా కావాలన్నప్పుడు కిందికి ఎంతవరకు దిగవచ్చన్నది దీనికి రెండో పక్క. టెక్సాస్‌లో తెల్లతోక జింకను రిమ్‌ఫైర్ తూటాతో, అంటే డొప్ప అంచున కొడితే పేలే చిన్న .22 వంటి వాటితో కొట్టకూడదు; .223 రెమింగ్టన్‌కు మాత్రం అనుమతి ఉంది. వర్జీనియాలో అయితే .23 కంటే చిన్న రైఫిల్ పనికిరాదు. కొలరాడో ఇంకా గట్టిగా .24 వ్యాసం, కనీసం 70 గ్రెయిన్ల గుండు, 100 గజాల దగ్గర 1000 అడుగు-పౌండ్ల శక్తి ఉండాలంటుంది. ఒక్కో రాష్ట్రం గీత ఒక్కోచోట ఉన్నా, వేటగాళ్ల అనుభవం మొత్తం మీద ఈ 6 ఎంఎం, అంటే దాదాపు .24 అంగుళం, దగ్గరే ఆగిందని నాకు అనిపించింది. .223తో దుప్పులను చక్కగా కొట్టేవారు లేకపోలేదు. కాని అందులో గుండు ఎముకకు తగిలినా, జంతువు కొంచెం వాలుగా నిలబడినా తప్పుకు ఇచ్చే జాగా మరీ తక్కువ. కొత్తగా నేర్చుకునేవారి చేతికి దాన్ని ఇవ్వడం నాకు ఇష్టం లేదు.

6 ఎంఎం దగ్గర ఒక కథ ఉంది. భౌతికశాస్త్రం మేష్టారుగా దాన్ని దాటిపోలేను. 1955లోనే రెండు సంస్థలు రెండు తూటాలు తెచ్చాయి. విన్‌చెస్టర్ వారు .308 తూటా మెడను సన్నబరచి .243 చేశారు. రెమింగ్టన్ వారు పాత మాసర్ 7×57 డొప్ప వంశంలోంచి .244 చేశారు. మందు పట్టడంలో రెమింగ్టన్‌దే కాస్త పైచేయి. అయినా అది ఓడిపోయింది. కారణం డొప్పలో లేదు, గొట్టంలో ఉంది. గొట్టం లోపల మెలితిరిగిన గాడులు గుండును బొంగరంలా తిప్పుతాయి. బొంగరం నిలవాలంటే తగినంత వేగంగా తిరగాలి, గుండు పొడుగయ్యేకొద్దీ ఇంకా వేగంగా తిరగాలి. విన్‌చెస్టర్ గొట్టంలో గుండు 10 అంగుళాలకు ఒక చుట్టు తిరిగేది, కాబట్టి 100 గ్రెయిన్ల దుప్పి గుండుకు సరిపోయింది. రెమింగ్టన్ వారు పొలంలో తిరిగే చిన్న జంతువులను, తేలిక గుండ్లను దృష్టిలో పెట్టుకుని 12 అంగుళాలకు ఒక చుట్టు పెట్టారు; పొడవాటి బరువు గుండ్లు అందులో కుదురుగా నిలుస్తాయన్న నమ్మకం జనానికి కలగలేదు. జనానికి కావలసింది ఒకే రైఫిల్‌తో రెండు పనులూ. 1963లో రెమింగ్టన్ వారు మెలికను 9 అంగుళాలకు మార్చి, 6 ఎంఎం రెమింగ్టన్ అని పేరు పెట్టి మళ్లీ తెచ్చేసరికి బజారు చేయి దాటిపోయింది. పేరు చూసి తూటా కొనేవారు గొట్టం మీద మెలిక అంకె కూడా చూడాలని నేను పట్టుబట్టేది ఇందుకే.

అంతకు ముందు తరం తూటాలంటే నాకు కొంత మమకారం ఉంది. 1915లో ఛార్లెస్ న్యూటన్ రూపొందించిన .250 శావేజ్ 87 గ్రెయిన్ల గుండును సెకనుకు 3000 అడుగుల వేగంతో పంపేది. ఆ రోజుల్లో అది అద్భుతం. 1934లో రెమింగ్టన్ బజారులోకి తెచ్చిన .257 రాబర్ట్స్‌ను అంతకంటే సౌమ్యమైన దుప్పి తూటా లేదని చెప్పుకునేవారు ఇప్పటికీ ఉన్నారు. రెండింటిలో ఏది కొన్నా తూటాల కోసం ఊళ్లు తిరగాలి. 2020, 2021లలో అక్కడ తూటాలకు కరువు వచ్చినప్పుడు మామూలు రకాలే దొరకలేదట. ఇక వీటి సంగతి చెప్పేదేముంది. అమ్మాయికి నా మమకారాన్ని అంటగట్టదలచుకోలేదు.

చివరికి పోటీ మూడింటి మధ్య మిగిలింది: .243, 6.5 క్రీడ్‌మూర్, 7 ఎంఎం-08. క్రీడ్‌మూర్‌ను హార్నడీ సంస్థ 2007లో దూరపు లక్ష్యాల పోటీల కోసం తయారు చేసింది. సన్నగా, పొడుగ్గా ఉండే దాని గుండు గాలిని బాగా కోసుకుపోతుంది. 400 గజాల దగ్గర అది .243కు అందనంత మిన్న. ఇప్పుడు ఎవరిని అడిగినా అదే పేరు చెబుతారు. నా అభ్యంతరం తూటా మీద కాదు, 400 గజాల మీద. టెక్సాస్ కొండ ప్రాంతంలో ఓక్ తోపుల మధ్య, పొదల పక్కన, మేత పెట్టే చోట దుప్పి కనపడేది ఎక్కువగా 150 గజాల లోపే. అక్కడ పనికిరాని గుణం కోసం ప్రతి గుండుకూ పాతిక శాతం ఎక్కువ తన్ను భరించడం దేనికి? 7 ఎంఎం-08 గుణంలో మూడింటిలోనూ ఉత్తమమని నా అభిప్రాయం. అల్లుడుగారు ఒక్కరే కాల్చేటట్టయితే కళ్లు మూసుకుని అదే చెప్పేవాణ్ణి. కాని రైఫిల్ ఇద్దరిది. ఇద్దరిలో తేలికైన మనిషికి సరిపోయేదే ఇద్దరికీ సరిపోతుంది. 50 కిలోల అమ్మాయి 60 తూటాలు కాగితం మీద పేల్చి, మరునాడు మళ్లీ పేల్చాలని అనుకోవాలి. నేను .243 అన్నాను.

అంకెలు చూసినా ఆ మాట నిలుస్తుంది. 100 గ్రెయిన్ల గుండు గొట్టం వదిలేటప్పుడు సెకనుకు 2960 అడుగుల వేగంతో, సుమారు 1945 అడుగు-పౌండ్ల శక్తితో ఉంటుంది. 200 గజాల దగ్గర కూడా దానిలో 1300కు పైగా మిగులుతుంది. 200 గజాలకు గురి సరిచేసి పెట్టుకుంటే 100 గజాల దగ్గర రెండు అంగుళాల లోపే పైన తగులుతుంది. అంటే మధ్యలో ఎక్కడ నిలబడిన దుప్పికైనా దూరం లెక్క వేయకుండా నేరుగా గురి పెట్టవచ్చు. 300 దగ్గర ఏడెనిమిది అంగుళాలు కిందికి దిగిపోతుంది. అందుకని 200 గజాలు దాటితే ట్రిగ్గరు మీద వేలు పెట్టవద్దని అమ్మాయి చేత ఒప్పించాను.

.243 మీద ఉన్న అపవాదు గురించి కూడా చెప్పాలి. అది దుప్పిని గాయపరచి పోగొడుతుందని అనేవారిలో చాలామంది నిజం చెబుతున్నారు. కాని వాళ్లు వాడిన గుండు ఏదని ఎవరూ అడగరు. ఈ తూటాలో 55 గ్రెయిన్ల నుంచి 100 దాటిన గుండ్ల దాకా అమ్ముతారు. తేలిక గుండ్లు చిన్న జంతువుల కోసం చేసినవి. తగిలీ తగలగానే పేలిపోతాయి. అవి దుప్పి భుజానికి తగిలితే పైన ఘోరమైన గాయం చేసి లోపలికి పోవు. జాన్ నాస్లర్ అనే వేటగాడు 1946లో కెనడాలో బురద పూసుకున్న మూస్‌ను (జింక జాతిలో అతి పెద్ద జంతువు) కొట్టినప్పుడు గుండు ఇలాగే పైనే చెదిరిపోయిందట. ఆ విసుగులోంచే పార్టిషన్ గుండు పుట్టింది. లోపల మధ్యలో రాగి గోడ ఉంటుంది, ముందు సగం విప్పుకున్నా వెనుక సగం చెదరకుండా లోపలికి దూసుకుపోతుంది. తేలిక తూటాకు ఇటువంటి గట్టి గుండు తప్పనిసరి. బరువు తూటాకు మామూలు గుండైనా నడుస్తుంది. ఈ ఒక్క షరతును నిర్లక్ష్యం చేసేవారు .243 కొనకపోవడమే మేలు. పూర్తి రాగి గుండ్లు కూడా ఉన్నాయి. సీసపు తునకలు మాంసంలో ఉండిపోతాయన్న భయం ఉన్నవారికి అవి మంచివి. కాలిఫోర్నియాలో 2019 జూలై 1 నుంచి వేటకు సీసం అసలే నిషిద్ధం. రాగి తేలిక గనుక అదే బరువుకు గుండు పొడుగవుతుంది, మళ్లీ బొంగరం లెక్క చూసుకోవాలి. మా వాళ్ల రైఫిల్‌కు 10 అంగుళాల మెలిక కాబట్టి నేను 100 గ్రెయిన్ల పార్టిషన్ దగ్గరే ఆగమన్నాను.

రైఫిల్ విషయంలో రెండే మాటలు. తేలిక తూటాకు మరీ తేలిక రైఫిల్ కొంటే తన్ను తిరిగి వచ్చేస్తుంది. మూడు కిలోలకు తగ్గనివ్వవద్దు. పొట్టి చేతులవారికి వెనుక కర్ర 13 అంగుళాలకు మించకూడదు, లేకపోతే చెంప సరిగ్గా ఆనదు. దుకాణంలోని మనిషి ఆరడుగుల వారి కొలతతో ఉన్నదే అంటగట్టబోతే అమ్మాయి తిప్పి ఇచ్చేసింది.

డిసెంబరులో నేనూ వెళ్లాను. ఒకే లాట్ నంబరు ఉన్న మూడు పెట్టెలు కొన్నారు, మొత్తం 60 తూటాలు. వాటిలో 57 కాగితం మీదే ఖర్చయ్యాయి. మధ్యమధ్య నేను పాత అలవాటు కొద్దీ చెప్పకుండా ఖాళీ డొప్ప పెట్టాను. అల్లుడుగారు రెండుసార్లు ఉలిక్కిపడ్డారు, అమ్మాయి ఒక్కసారీ కదలలేదు. 58వది జనవరిలో ఒక సాయంత్రం, సుమారు 120 గజాల దూరంలో పక్కకు తిరిగి నిలబడ్డ ఆడ దుప్పికి, ముందుకాలి వెనుక. గుండు రెండో వైపు నుంచి బయటికి పోయింది. అది 40 గజాలు పరుగెత్తి ఆగి, మోకాళ్ల మీద కూలింది. నేను గడియారం చూడటం మరిచిపోయాను, పది సెకన్లు మించి ఉండదు. అమ్మాయి చాలాసేపు మాట్లాడలేదు. ఆ ఖాళీ డొప్పను జ్ఞాపకంగా తీసుకెళ్లమని నాకు ఇవ్వబోయింది. విమానాశ్రయంలో సామాను తనిఖీ చేసేవారికి ఈ కథంతా వివరించే ఓపిక లేక దాన్ని వాళ్ల వంటింటి కిటికీలోనే వదిలి వచ్చాను.

మొన్న అల్లుడుగారు ఫోన్ చేశారు. దక్షిణ టెక్సాస్‌లో నీల్గాయ్‌లు కూడా ఉన్నాయి. అవీ మన దేశం నుంచి పోయినవే. ఎదిగిన పోతు రెండువందల కిలోలు దాటుతుంది, తోలు మందం, ప్రాణం గట్టి. "దానికి మన .243 చాలుతుందా, మావయ్యగారూ?" అని ఎంతో వినయంగా అడిగారు. చాలదని చెప్పాను. మరి ఏది కొనాలని ఆయన మళ్లీ అడిగినప్పుడు, .300 విన్‌చెస్టర్ మాగ్నమ్ పేరు నా నోటితో నేనే చెప్పవలసి వచ్చింది.